రంగు దగ్గర మాట తేడా వస్తే

ఇంట్లో సొంతంగా ఆర్కేడ్ గేమ్ క్యాబినెట్ కట్టుకునేవాళ్ల మధ్య మాటా మాటా పెరిగేది ఎక్కువగా ఫినిషింగ్ దగ్గరే. వైరు తప్పు కలిపితే బటన్ పనిచేయదు, ఎవరు చెప్పింది సరైనదో నిమిషంలో తేలిపోతుంది. చెక్క కొలతలో అనుమానం వస్తే టేపు పెట్టి చూస్తారు. ఫినిషింగ్‌కు అలాంటి తీర్పరి లేడు. పెయింట్ వేయాలా, సన్‌మైకా అతికించాలా, వినైల్ స్టిక్కర్ చుట్టాలా? మెరుపు ఉండాలా, మ్యాట్ ఉండాలా? పాత పాక్‌మ్యాన్ పెట్టెలాగే పసుపు కొట్టాలా, హాల్లో టీవీ యూనిట్‌కి నప్పేలా టేకు రంగులో ఉంచాలా? ఈ ప్రశ్నలు వచ్చేసరికి కట్టే మనిషి నెలల తరబడి సెలవు రోజులన్నీ దానికే ఇచ్చేసి ఉంటాడు. ఒళ్లు అలసి ఉంటుంది, మనసు నిండా ఆశ ఉంటుంది. అప్పుడు పక్కనున్నవాళ్లు తేలిగ్గా అనేసిన మాట చాలా కాలం గుర్తుండిపోతుంది.

అందుకే ఈ అధ్యాయంలో రంగుల గురించి ఎంత మాట్లాడతానో, రంగుల గురించి ఎలా మాట్లాడుకోవాలో కూడా అంతే మాట్లాడతాను. నా దృష్టిలో రెండూ ఒకే పనితనంలో భాగాలు.

ఈ సరదా గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నిలువెత్తు చెక్క పెట్టె, లోపల తెర, చేతులకు అందే ఎత్తులో జాయ్‌స్టిక్, బటన్లు, పైన దీపం వెలుగులో ఆట పేరు రాసిన పలక. ఇదీ ఆర్కేడ్ క్యాబినెట్. పాత ఆర్కేడ్ యంత్రాల్లోని సర్క్యూట్ల పనిని మామూలు కంప్యూటర్‌తో చేయించే ‘మేమ్’ అనే ప్రోగ్రామ్‌ను ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో విడుదల చేశాక, ఇలాంటి పెట్టెలు సొంతంగా కట్టుకోవడం అమెరికా గ్యారేజీల్లో ఊపందుకుంది. 2012లో రాస్ప్‌బెర్రీ పై వచ్చాక అరచేతిలో పట్టే బోర్డు సరిపోతోంది. డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉన్నారు. 2016లో తెరిచిన నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం ఉన్నది ఆ ఊళ్లోనే. అక్కడ పిల్లలను తీసుకెళ్లి పాత యంత్రాల ముందు నిలబడిన తండ్రికి, మనమూ ఒకటి కట్టుకుంటే బాగుండునని అనిపించడం సహజం.

ఏది అసలు?

ఫినిషింగ్ వాదనల్లో అందరూ ముందు తీసే అస్త్రం ‘అసలుది అలా ఉండేది కాదు’ అన్న మాట. ఆ మాట అనేముందు అసలువి ఎలా ఉండేవో కాస్త చూద్దాం.

1971లో వచ్చిన కంప్యూటర్ స్పేస్ పెట్టెను ఫైబర్‌గ్లాస్‌తో వంపులు తిప్పి చేశారు. ఆ మరుసటి ఏడాదే అటారి తెచ్చిన పాంగ్ చెక్క పెట్టెలో వచ్చింది. 1980లో నామ్కో చేసిన పాక్‌మ్యాన్‌ను అమెరికాలో మిడ్‌వే అమ్మింది. దాని పక్క పలకల మీది పసుపు బొమ్మలను స్టెన్సిల్ పెట్టి రంగు కొట్టి వేశారు. 1981 నాటి డాంకీ కాంగ్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అమెరికాలో నింటెండో రాడార్ స్కోప్ అనే ఆటను తెప్పించి, ఆ యంత్రాలు అమ్ముడుపోక ఇబ్బంది పడింది. మిగిలిపోయిన ఆ పెట్టెల్లోనే కొత్త ఆట బిగించి డాంకీ కాంగ్‌గా పంపింది. అవి ఎర్రటి పెట్టెలు. తర్వాత తయారైనవి నీలం. మరి డాంకీ కాంగ్‌కు అసలు రంగు ఏది? ఎరుపు అన్నవాడూ సరే, నీలం అన్నవాడూ సరే. ఆ ఎరుపు కూడా ఒక గోడౌన్‌లో అమ్ముడుపోని సరుకు వల్ల వచ్చిన ఎరుపు.

ఆ కాలపు ఆపరేటర్లకు అసలుదనం మీద పట్టింపు ఉండేది కాదు. ఆట పాతబడి నాణేలు రాలకపోతే లోపలి బోర్డు మార్చి, బయట నల్ల రంగు కొట్టి, కొత్త ఆట పేరు తగిలించేవాళ్లు. ఇప్పటికీ పాత పెట్టెలు బాగుచేసేవాళ్లు ఆ నలుపును ఓపిగ్గా గీకుతూ పోతే కింద పాత బొమ్మ బయటపడుతూ ఉంటుంది. గంటల తరబడి ఆ పని చేసే మనిషిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అలాగని, కొత్త ప్లైవుడ్‌తో కొత్త పెట్టె కట్టుకుంటున్న వాడి మీద అసలుదనపు నియమాలు రుద్దే హక్కు అతనికి లేదు.

ఇక మన సంగతి. తొంభైల్లో మన ఊళ్లలో వీడియో గేమ్ షాపుకు వెళ్లిన పిల్లలందరికీ ‘ముస్తఫా’ తెలుసు. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ఆ ఆట పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అందులో ముస్తఫా కైరో అనే పాత్రను మనవాళ్లు ఎంతగా ఇష్టపడ్డారంటే ఆటకే ఆ పేరు స్థిరపడింది. దాన్ని మనం ఆడింది చాలావరకు స్థానిక వడ్రంగి కొట్టిన చెక్క పెట్టెల మీద. బొమ్మల పలకలు లేవు, ఏదో ఒక రంగు పూత, చేతుల జిడ్డుకు నల్లబడిన అంచులు. అలాంటి షాపులో పెరిగినవాడు తన గ్యారేజీలో సాదా పెట్టె కట్టి, ఒకే రంగు కొట్టి, ‘నాకు ఇదే ముస్తఫా’ అంటే అతను తన జ్ఞాపకానికి నిజాయతీగా ఉన్నట్టే. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా బొమ్మలు చూపించి అతణ్ని సరిదిద్దాలనుకోవడం అన్యాయం.

కాబట్టి ఎవరితోనైనా ఫినిషింగ్ గురించి మాట కలిపే ముందు ఒక ప్రశ్న అడగండి: “ఇది చూసినప్పుడు నీకు ఏం గుర్తుకు రావాలి?” జవాబులో అతని లక్ష్యం ఉంటుంది. ఒకడికి మ్యూజియంలో ఉన్నదానికి దగ్గరగా రావాలి. ఇంకొకడికి చిన్నప్పటి షాపు కనిపించాలి. మూడో మనిషికి గతంతో పనే లేదు, పిల్లలు ఆడుకోవాలి, గుడ్డ పెట్టి తుడిస్తే శుభ్రం కావాలి. లక్ష్యం తెలియకుండా ఇచ్చిన సలహా ఎంత నిపుణుడు ఇచ్చినా గురి తప్పుతుంది. నేను విన్న వాదనల్లో చాలావాటిలో ఇద్దరూ సరిగ్గానే మాట్లాడుతున్నారు, కాకపోతే రెండు వేర్వేరు పెట్టెల గురించి.

ముక్క మీద తేల్చుకోవడం

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. అయితే ఫినిషింగ్‌లో ప్రతిదీ రుచి కాదు. కొన్ని విషయాలు పరీక్షిస్తే తేలేవి. రుచిని రుచిగా చెప్పాలి, పరీక్షకు నిలిచేదాన్ని పరీక్ష చేసి చూపాలి. రెంటినీ కలిపేస్తేనే మర్యాద పోతుంది. ‘మెరుపు నాకు నచ్చదు’ అనేది ఇష్టం. ‘మెరుపు మీద వేలిముద్రలు కనిపిస్తాయి’ అనేది ఎవరైనా చూసి ఒప్పుకునే విషయం. మనం చాలాసార్లు మొదటిదాన్ని రెండోదాని వేషంలో చెబుతాం.

ఒక సంభాషణ చూడండి. గ్యారేజీలో ఎండీఎఫ్ పలకలు కోసిపెట్టి ఉన్నాయి. వయసులో చిన్నవాడు అడుగుతున్నాడు.

“అన్నా, మొత్తం గ్లాసీ బ్లాక్ కొట్టిద్దామనుకుంటున్నా. కొత్త కారులాగా మెరవాలి.”

“గ్లాసీ బ్లాకా? ఎవడైనా వేస్తాడారా అది? రెండు రోజుల్లో చూడలేం.”

ఇక్కడ పెద్దాయన చెప్పింది నిజమే కావచ్చు. కానీ చెక్క గురించి చెప్పాల్సినదాన్ని మనిషి తెలివి గురించి చెప్పాడు. చిన్నవాడికి ఇప్పుడు రెండే దారులు: మొండికేయడం, లేదా తలవంచి తనది కాని పెట్టె కట్టుకోవడం. అదే అనుమానాన్ని ఇలా చెప్పొచ్చు:

“నల్ల మెరుపు అందంగానే ఉంటుంది రా. నాకు ఒక్కటే అనుమానం. ఉపరితలంలో చిన్న ఎగుడుదిగుడు ఉన్నా ఆ మెరుపు పట్టిచ్చేస్తుంది. గరుకు కాగితం పని చాలా పడుతుంది. మిగిలిన ముక్క ఒకటి తియ్యి. సగం గ్లాసీ, సగం మ్యాట్ కొట్టి మీ హాల్లో కిటికీ ఎదురుగా పెట్టి చూద్దాం.”

ఈ మాటలో కారణం ఉంది, దాన్ని తేల్చుకునే దారి ఉంది, చెప్పిన మనిషి తానూ చెయ్యి వేస్తానన్న భరోసా ఉంది. నిర్ణయం మాత్రం చిన్నవాడి దగ్గరే ఉంది. ముక్క చూశాక అతను మళ్లీ నల్ల మెరుపే కావాలన్నాడనుకోండి, అప్పుడది తెలిసి చేసుకున్న ఎంపిక. ఇక అడ్డు చెప్పడానికి ఏమీ మిగలదు.

ఈ నమూనా ముక్క పద్ధతిని నేను గట్టిగా నమ్ముతాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ముక్క అదే షీటు నుంచి రావాలి, ఒక అడుగు పొడవైనా ఉండాలి, కోసిన అంచు ఒకటైనా ఉండాలి. అంచు ఎందుకంటే ఎండీఎఫ్ ముఖం నున్నగా ఉన్నా కోసిన అంచు స్పాంజిలా రంగు పీల్చేస్తుంది. సగం అంచుకు లప్పమో ప్రైమరో పట్టించి ఆరాక సాండ్ పేపర్‌తో రుద్దండి, మిగతా సగం అలాగే వదిలేయండి. తర్వాత రెండింటి మీదా ఒకే రంగు వేయండి. ‘అంచు సీల్ చేయాలా వద్దా’ అని సాయంత్రమంతా సాగే వాదన ఆ ముక్కను చూడగానే ముగిసిపోతుంది. ముఖం మీద ఒక వైపు బ్రష్‌తో, ఇంకో వైపు సన్నటి ఫోమ్ రోలర్‌తో పూయండి. బ్రష్ చారలు మీకు పర్వాలేదా అన్నది మీ కళ్లే చెబుతాయి.

తర్వాత ఓపిక పట్టాలి. ఎనామిల్ పెయింట్ ముట్టుకుంటే అంటకుండా ఒక్క రోజులో ఆరుతుంది. లోపలి దాకా గట్టిపడడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ తేడా పట్టించుకోకుండా మర్నాడే వినైల్ బొమ్మ అతికిస్తే కింద నుంచి ఆవిర్లు వచ్చి బుడగలు కట్టొచ్చు, అంచులు లేవొచ్చు. కాబట్టి ముక్క మీద కూడా వినైల్ అతికించి కొన్నాళ్లు వదిలేయండి. నాణెంతో గీసి చూడండి, తడిగుడ్డతో తుడిచి చూడండి, ఆడే చేతుల చెమట తగలనివ్వండి. పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడండి.

లామినేట్ విషయంలోనూ అంతే. సన్‌మైకా గట్టిది, గీతలు తొందరగా పడవు, రంగు ఆరే దాకా ఎదురుచూడక్కర్లేదు. అది అంటించేవాళ్లను ‘సోమరులు’ అనేవాళ్లున్నారు. ఆ మాట తప్పు. లామినేట్‌కు లెక్క కావాలి. 18 మిల్లీమీటర్ల ప్లైకి బయట 1 మిల్లీమీటరు షీటు అంటిస్తే 19 అవుతుంది. పలక అంచుకు బిగించే టీ-మౌల్డింగ్ పట్టీ అమెరికాలో ముప్పావు అంగుళంలో దొరుకుతుంది, అది దానికి చక్కగా సరిపోతుంది. ఒక్క వైపే అంటిస్తే పలక వంగే ప్రమాదం ఉంది కాబట్టి లోపల కూడా పల్చటి షీటు వేయమని వడ్రంగి అంటాడు. అతను చెప్పింది నిజమే. కానీ అప్పుడు మందం 20కి చేరువవుతుంది, మౌల్డింగ్ పక్కన చెక్క అంచు సన్నటి గీతలా కనిపిస్తుంది. ‘పెయింట్ గొప్పదా, లామినేట్ గొప్పదా’ అని వాదించుకునే బదులు ఇద్దరూ కూర్చుని ఈ ఒక్క మిల్లీమీటరు సంగతి తేల్చుకుంటే పెట్టె బాగుపడుతుంది.

ఒక విషయంలో నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది, దాన్ని అభిప్రాయంగానే చెబుతాను. తెర చుట్టూ ఉండే పలకకు మ్యాట్ నలుపే వేయండి. అక్కడ మెరుపు ఉంటే ఆట వెలుగు దాని మీద పడి కంటికి అడ్డొస్తుంది. పక్క పలకలు మీ ఇష్టం.

ఎప్పుడు గట్టిగా చెప్పాలి

మర్యాద అంటే ఎప్పుడూ మెత్తగా ఉండడం అని కాదు. మూడు చోట్ల గొంతు స్థిరంగా ఉండాలి.

ఒకటి, ప్రాణానికి సంబంధించింది. రెండు భాగాలు కలిపి స్ప్రే చేసే పీయూ పెయింట్ల హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. తలుపులు మూసిన గదిలో గుడ్డ మాస్క్ కట్టుకుని అది కొట్టబోతున్న స్నేహితుడికి ‘నీ ఇష్టం’ అని చెప్పకూడదు. ఎండీఎఫ్ కోసేటప్పుడు లేచే సన్నటి పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాత సీఆర్‌టీ మానిటర్ ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపల వేల వోల్టుల ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. “ఇది చేయొద్దు, ఆగు” అని నేరుగా అనండి. నచ్చజెప్పడం తర్వాత.

రెండోది, తిరిగి రానిది. ఎవరికో నలభై ఏళ్ల నాటి అసలు పెట్టె దొరుకుతుంది. పక్క బొమ్మ మాసిపోయింది, లోపల తెర చచ్చిపోయింది. దాన్ని ఖాళీ చేసి, నల్ల రంగు కొట్టి, కంప్యూటర్ పెట్టేద్దామనుకుంటాడు. కొత్త ప్లైవుడ్ మీద ఏ రంగు వేసినా నష్టం ఒక్క షీటే. ఇక్కడ అలా కాదు. పెట్టె అతనిది, సందేహం లేదు. అయినా మీ మాట చెప్పాల్సిన సందర్భం ఇదే. కాకపోతే దానితో పాటు మీ వంతు శ్రమ కూడా ముందుకు తెండి: “రెండు వారాలు ఆగగలరా? దీన్ని బాగుచేసేవాళ్లు ఎవరైనా తీసుకుంటారేమో నేను కనుక్కుంటాను. వాళ్లిచ్చిన డబ్బుతో మీరు కొత్త షీట్లు కొనుక్కోవచ్చు.” ఆగలేనంటే ఇంకో మెట్టు దిగండి. లోపలి వైర్లకు చీటీలు కట్టి అట్టపెట్టెలో దాచమనండి. బొమ్మ మీద పెయింట్ వేయకుండా, పల్చటి బోర్డుకు రంగు కొట్టి దాన్ని పైనుంచి స్క్రూలతో బిగించుకునే వీలుందేమో చూడమనండి. తర్వాత ఎప్పుడైనా విప్పుకోవచ్చు. దీనికీ ఒప్పుకోకపోతే మీరు చేయగలిగింది చేశారు. ఆ తర్వాత నలుగురిలో అతణ్ని ‘పాత యంత్రం చంపినవాడు’ అని పిలవడం వల్ల ఆ పెట్టె తిరిగి రాదు, ఒక మనిషి మాత్రం ఈ సరదాకు దూరమవుతాడు.

మూడోది చిన్నదే: ఎదుటివాడు డబ్బు కట్టబోతుంటే. తప్పు మందం ఉన్న మౌల్డింగ్ ఆర్డరు పెడుతుంటే అప్పుడే చెప్పండి. పార్సిల్ వచ్చాక చెప్పి లాభం లేదు.

మిగతా అన్నిటికీ వేళ ముఖ్యం. రంగు సలహాకు సరైన కాలం ప్రైమర్ వేసే రోజు దాకా. పెట్టె బూడిద రంగులో నిలబడి ఉన్నప్పుడు ఎవరు ఏమన్నా మార్చుకోవడం తేలిక. ఆఖరి కోటు ఆరుతుండగా ‘నీలం అయితే ఇంకా బాగుండేది’ అంటే విన్నవాడికి అది సలహాలా వినిపించదు.

సలహా తీసుకునేవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. ఫొటోలు చూపించి ‘ఎలా ఉంది?’ అని ఊరుకుంటే అన్ని రకాల జవాబులూ వస్తాయి. ఏది తేలిపోయిందో, ఏది ఇంకా తేలలేదో ముందే చెప్పండి: “రంగు ఖాయమైపోయింది. కంట్రోల్ ప్యానెల్ మీద యాక్రిలిక్ వేయాలా, పాలికార్బొనేట్ వేయాలా అన్నదే తేలడం లేదు.” అడిగినదానికే జవాబులు వస్తాయి. అడగనిది కూడా ఎవరైనా చెబితే వెంటనే సమర్థించుకోకండి. “మీరైతే ఎందుకు అలా చేసేవారు?” అని అడగండి. కారణం చెప్పగలిగితే మీకు ఒక విషయం తెలిసినట్టు. చెప్పలేకపోతే అది వాళ్ల ఇష్టమని ఇద్దరికీ అర్థమవుతుంది, గొడవ పెరగదు.

ఇంట్లోవాళ్ల మాటను ఈ లెక్కలోంచి తీసేయొద్దు. పెట్టె గ్యారేజీ దాటి హాల్లోకి వచ్చిన రోజు నుంచి దాన్ని తోటి సరదారాయుళ్లు కాదు, భార్యో భర్తో, అమ్మానాన్నలో, పిల్లలో రోజూ చూస్తారు. టేకు రంగు లామినేట్ అయితే నాకు అభ్యంతరం లేదని ఇల్లాలు అంటే, దాన్ని ‘రాజీ’ అని పిలిచే స్నేహితులకు ఆ ఇంట్లో ఓటు లేదు. పక్కలు టేకు, పైన వెలిగే పలక మాత్రం మీ ఆటది. ఇలా పంచుకున్న పెట్టెలు నేను చూశాను, బాగున్నాయి. పాంగ్ కాలంలోనే చెక్క రంగు పెట్టెలు ఉండేవని గుర్తు చేస్తే ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు.

ఇక చివరిది, పూర్తయిన పెట్టె చూడడానికి వెళ్లినప్పుడు. మీరు వద్దన్న రంగే వేసి ఉండొచ్చు. ముందు ఆడండి. రెండు ఆటలు ఆడాక మాట్లాడండి. బాగున్నది ఏదో పేరు పెట్టి చెప్పండి: అంచు మౌల్డింగ్ మూల దగ్గర చక్కగా తిరిగిందనో, బటన్ల మధ్య దూరం చేతికి హాయిగా ఉందనో. కట్టినవాడికి ‘సూపర్’ అన్న మాటకన్నా అది ఎక్కువ విలువైనది, ఎందుకంటే ఆ మూల దగ్గర అతను ఎంతసేపు కష్టపడ్డాడో అతనికి తెలుసు. లోపాలు మీరుగా వెతకొద్దు. అతనే “ఇంకేమైనా చెప్పు అన్నా” అంటే, ఇప్పుడు సరిచేయగలిగినది ఒక్కటి చెప్పండి. పక్క బొమ్మలో బుడగ ఉందనుకోండి, సన్నటి సూదితో అంచున గుచ్చి, హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చూపించి, మెత్తటి గుడ్డతో బుడగ చివర నుంచి రంధ్రం వైపు నొక్కితే గాలి పోతుంది. సూది తెమ్మనండి, డ్రయ్యర్ మీరు పట్టుకోండి.